మాంగనీసు సిరల మీద పరిశోధనకు దిగుతున్న మేనకోడలికి

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అగ్నిశిలల్లో మాంగనీసు సిరల మీద, అంటే రాతి పగుళ్లలో నిండిన మాంగనీసు ఖనిజపు చారల మీద, పరిశోధనకు పేరు నమోదు చేసుకున్నావని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన ప్రణాళికలో పరికరాల పేర్లు బారెడు ఉన్నాయి, కొండ మీద చేయవలసిన పని మాత్రం రెండు వాక్యాల్లో ముగిసింది. ఆ లెక్క తిరగబడాలి. ఈ మాంగనీసు కింది నుంచి వేడినీళ్లతో ఎక్కి వచ్చిందా, పైనుంచి వాననీళ్లతో దిగిందా? నీ పరిశోధనంతా ఈ ఒక్క ప్రశ్నే. దానికి సగం జవాబు రాయి దగ్గర నిలబడి రాసుకోవలసిందే.

పత్తి ఏరడం అయిపోయాక ముందు ఆదిలాబాద్ వెళ్లు. వానల్లో వెళితే నల్లరేగడి చెప్పులను కూడా వదలదు. అక్కడ నల్లటి మాంగనీసు ఖనిజమూ ఉంది, లావా గడ్డకట్టిన దక్కన్ నల్లరాయీ ఉంది. రెండూ పక్కపక్కనే కనిపించేసరికి లావా నుంచే మాంగనీసు వచ్చిందని తేల్చేయాలనిపిస్తుంది. తేల్చేయకు. ఆ ఖనిజం పెన్‌గంగ సున్నపురాయిలో, చెకుముకి రాతి పొరల మధ్య, సముద్రం అడుగున పేరుకున్నది. దాని వయసు పదుల కోట్ల ఏళ్లు. పైనున్న లావాకు సుమారు 6.6 కోట్ల ఏళ్లే. పొరతో పాటు సాగేది ఏదో, పొరను కోసుకుంటూ పోయేది ఏదో అక్కడ కళ్లకు అలవాటు చేసుకుంటే, అసలైన సిర ఎదురైనప్పుడు తడబడవు.

అసలైన సిర సంగతికి వస్తాను. పగుళ్లలో తిరిగే వేడినీళ్లు అగ్నిశిలల్లోని మాంగనీసును కరిగించుకుని పైకి తెస్తాయి. ప్రాణవాయువు ఉన్న నీళ్లు తగలగానే ఇనుము ముందే తుప్పుగా దిగిపోతుంది. మాంగనీసు ఇంకొంత దూరం ప్రయాణించి, ఉపరితలానికి దగ్గరగా ఆగుతుంది. చాలా సిరల్లో ఇనుము తక్కువగా ఉండడానికి కారణం ఇదే. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం, సొకోరో దగ్గరి లూయిస్ లోపెజ్ ప్రాంతం గురించి తప్పక చదువు. అక్కడ రయొలైట్ అనే అగ్నిపర్వతపు బూడిదరాళ్ల పగుళ్లలో హాలండైట్, క్రిప్టోమెలేన్ వంటి మాంగనీసు ఆక్సైడ్ ఖనిజాలు, వాటితో పాటు మాంగనీసు వల్ల నల్లబడిన కాల్సైట్ అనే సున్నపు ఖనిజం కనిపిస్తాయి.

సిర రెండు గోడల నుంచి నడిమికి పట్టీలు జోడుగా పెరిగాయా చూడు. విరిగిన రాతిముక్కల చుట్టూ నల్లటి పూత అన్ని వైపులా ఒకేలా ఉందా చూడు. ముగ్గురాయి (బేరియం ఖనిజమైన బెరైట్) తోడుంటే చేతిలోకి తీసుకోగానే బరువే చెబుతుంది. ఇవన్నీ కింది నుంచి వచ్చినదాని ఆనవాళ్లు. లోతుకు పోయేకొద్దీ నలుపు పలచబడి, మట్టి, తుప్పు కలిసి, నేలవాలును అనుసరిస్తూ ఉంటే అది పైనుంచి దిగినదని అనుమానించు. ద్రాక్షగుత్తిలాంటి ఆకారాన్ని మాత్రం నమ్ముకోకు. రెండు రకాల్లోనూ అది వస్తుంది. మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే నల్లటి ఆక్సైడ్ బుసబుస నురగ కక్కుతుంది. దాన్ని బట్టి మాంగనీసు అని అనుకోవచ్చు, పుట్టుక మాత్రం తెలియదు.

ఇక ప్రయోగశాల. 1960లలో భూగర్భ శాస్త్రవేత్త డి. ఎఫ్. హ్యూయెట్ అమెరికా నైరుతి ప్రాంతపు సిరలను పరిశీలించి, కింది నుంచి వచ్చిన ఆక్సైడ్లలో టంగ్‌స్టన్ వంటి మూలకాలు ఎక్కువగా ఉంటాయని చూపాడు. బేరియం, సీసం, ఆర్సెనిక్, యాంటిమనీ, థాలియం కూడా చూసుకో. ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. నమూనాను టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నెలో నూరితే ఆ గిన్నె అరిగి టంగ్‌స్టన్, కోబాల్ట్ రెండూ పొడిలో కలుస్తాయి. నువ్వు వెతికేవే అవి! ఇక పట్టికలో అంకెలు ఎంత అందంగా ఉంటే ఏం లాభం? అగేట్ అనే గట్టి రాతితో చేసిన రోలులోనే నూరమని పట్టుబట్టు. ఆలస్యమవుతుందంటారు, కానివ్వు. నూరేముందు భూతద్దం కింద సూదితో నల్లటి గింజలను ఏరుకో. కాల్సైట్, మట్టి కలిసిపోతే సగటు తప్ప ఏమీ మిగలదు. ఎక్స్‌రేలతో ఖనిజాన్ని గుర్తించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్ష చేయించకుండా ఖనిజం పేరు రాయకు. ఈ నల్లటి ఆక్సైడ్లను కంటితో విడదీయడం పెద్దవాళ్లకూ కుదరదు.

ఇనుము, మాంగనీసు, నికెల్-కోబాల్ట్-రాగి త్రిభుజపు పటం అందరూ గీస్తారు. అది సముద్రపు అడుగున పేరుకున్నవాటి కోసం పుట్టింది. నేల మీది సిరలను అందులో పెట్టి తీర్పు ఇచ్చేయడం నాకు నచ్చదు. గీయి, కానీ దాని మీదే ఆధారపడకు.

మాంగనీసు పొడి ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి, ముక్కుకు మాస్కు లేకుండా నూరవద్దు. పాత గనుల సొరంగాల్లోకి ఒంటరిగా కాదు, తోడున్నా వెళ్లకు. సంచి మీద, లోపల చీటీ మీద రెండు చోట్లా నంబరు రాయి, ఈ రాయి తడి తగిలితే రాతను మసి చేస్తుంది. మీ ల్యాబులో అగేట్ రోలు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కనుక్కుని నాకు రాయి, ఆదిలాబాద్ ప్రయాణం తేదీ ఆ తర్వాత చూద్దాం.

మీ మామయ్య