పాత మోటారు బోటుకు బయానా పంపే ముందు

ప్రశ్న: మేము కూకట్‌పల్లిలో ఉంటాం. సెలవు రోజుల్లో నాగార్జునసాగర్ జలాశయంలో తిరగడానికి, కాకినాడలో అమ్మకానికి ఉన్న ఆరుగురు పట్టే పాత ఫైబర్ మోటారు బోటును 8.5 లక్షలకు కొనాలనుకుంటున్నాను. చేతిలో 4 లక్షలున్నాయి, మిగిలిన 4.5 లక్షలు వ్యక్తిగత రుణం తీసుకుంటాను. యజమాని లక్ష రూపాయల బయానా అడుగుతున్నారు. పంపవచ్చా?

జవాబు: ఇప్పుడే పంపవద్దు. కారు విషయంలో ఫోనులో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందో లేదో చూసుకోవడానికి అలవాటు పడ్డాం. బోటు విషయంలో ఆ సులువును నమ్ముకోకుండా కాగితాలను మీరే రాబట్టుకోవాలి.

నదుల్లో, జలాశయాల్లో నడిచే ఇంజిను పడవలకు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే ధ్రువపత్రం (పడవను తనిఖీ చేసి నడపడానికి తగినదని ఇచ్చే పత్రం), బీమా ఉండాలి. మీరు చూస్తున్న బోటు ఇంతకాలం సముద్రంలో తిరిగి ఉంటే, అది ఏ అధికారి రిజిస్టరులో ఉందో ముందుగా అడగండి. ధ్రువపత్రంలోని పేరు అమ్మే వ్యక్తి గుర్తింపు కార్డుతోనూ, అందులోని నంబర్లు బోటు మీద, ఇంజిను మీద చెక్కి ఉన్నవాటితోనూ సరిపోవాలి. ఇంజిను కొన్న రసీదును వేరుగా అడగండి, ఎందుకంటే ఔట్‌బోర్డ్ ఇంజినును, అంటే బోటు వెనుక బయట బిగించే ఇంజినును, విప్పి మరో బోటుకు బిగించడం పెద్ద పని కాదు, పాత బోటు ధరలో పెద్ద వాటా దానిదే. తనఖా ఏదీ లేదని రిజిస్ట్రేషన్ అధికారి నుంచి రాతపూర్వకంగా తెప్పించండి; అమ్మేది కంపెనీ అయితే కంపెనీల రిజిస్ట్రార్ వద్ద నమోదైన ఛార్జీలను, అంటే అప్పుల కోసం కంపెనీ ఆస్తులపై పెట్టిన తనఖాలను, కూడా చూడాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మేవారికి లేని హక్కు కొన్నవారికి రాదు.

భద్రత పరీక్షకు మెరైన్ సర్వేయర్‌ను, అంటే పడవలను తనిఖీ చేసే నిపుణుడిని, పెట్టుకోండి, ఆ రుసుము మీరే భరించండి. అమ్మే వ్యక్తి తెచ్చిన సర్వేయర్ నివేదికను నేనైతే లెక్కలోకి తీసుకోను. బోటును నీటి నుంచి పైకి తీయించి, ఇంజిను బిగించే వెనుక పలక నానిపోయిందేమో తట్టి చూడమనండి. ఉప్పునీటిలో నడిచిన ఇంజినుకు లోపల తుప్పు పట్టే అవకాశం ఎక్కువ కాబట్టి కంప్రెషన్ పరీక్ష (ఇంజిను సిలిండర్లలో ఒత్తిడి సరిగా ఉందో లేదో చూడడం) తప్పదు, మీరు వెళ్లేసరికి ఇంజిను వేడెక్కి ఉంటే చల్లారాక మళ్లీ స్టార్ట్ చేయించండి. ఆ తర్వాత ఆరుగురు ఎక్కి, పూర్తి బరువుతో నీటిలో నడిపించాలి. లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండరు లేకపోతే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగవచ్చు. 2017 నవంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద బోల్తా పడిన పడవకు అనుమతి లేదన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సాగర్‌లో సొంత బోటు దించడానికి ఎవరి అనుమతి కావాలో కూడా బయానాకు ముందే, నీటిపారుదల శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

ఇక రుణం సంగతి. 4.5 లక్షలకు 14 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 15,400 రూపాయల వాయిదా పడుతుంది. బోటు ఒడ్డున నిలిచి ఉన్నా అది ఆగదు. దానికి తోడు బీమా, ఇంజిను సర్వీసు, నిలిపే చోటికి అద్దె, లాక్కెళ్లే ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటాయి. అందువల్ల చేతిలోని 4 లక్షల్లో కనీసం లక్ష పక్కన పెట్టి, రుణం పెంచకుండా, మిగిలిన సొమ్ముకు సరిపోయే చిన్న బోటు వెతకమనే నా సలహా.

ఇదే కావాలనుకుంటే బయానాను 25,000కు తగ్గించి బ్యాంకు ద్వారానే పంపండి, సర్వేలో లోపం తేలితే తిరిగి ఇస్తామని ఒప్పందంలో రాయించుకోండి. మిగతాది రిజిస్ట్రేషన్ మీ పేరుకు మారిన రోజున ఇవ్వండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది కాబట్టి ఆయన నగదే కావాలని పట్టుబడితే బేరం వదిలేయండి.