రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకో

చిరంజీవి బుజ్జికి,
తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫ్యామిలీ గ్రూపులో, ఆంధ్రా, ఒడిశా రెండూ మావేనంటున్న సరిహద్దు కొటియా ఊళ్ళ మీద తెలుగు పేపరు క్లిప్పింగ్ ఒకటి పెట్టి, "తాతా, ఇది నిజమేనా? ఇక్కడ హాస్టల్లో ఒడియా ఫ్రెండ్స్ ఇంకోలా చెప్తున్నారు" అని అడిగావు. ఫోన్లో అంత టైపు చెయ్యడం నా వల్ల కాదు. అందుకే కాగితం మీద రాసి, మీ నాన్న చేత ఫోటో తీయించి పంపుతున్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు కొంచెం వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకో.

నువ్వు పెట్టిన వార్తలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. మీ ఫ్రెండ్స్ చదివిన ఒడియా వార్తలోనూ బహుశా ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది. అబద్ధం రాసిన పేపర్ని పట్టుకోవడం తేలిక. ఎవరో ఒకరు లాయరు నోటీసు పంపుతారు, నాలుగు రోజులకి లోపలి పేజీలో అగ్గిపెట్టె అంత సవరణ వస్తుంది. రాయకుండా వదిలేసినదానికి సవరణ వేసిన పేపరు నా డెబ్భై మూడేళ్ళలో ఒక్కటీ కనిపించలేదు.

ఆంధ్రా సరిహద్దు పక్కనే, ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉండే మనకి ఒక సుఖం ఉంది. తెల్లారేసరికి పాతపట్నం వైపు నుంచి తెలుగు పేపరు, బరంపురం వైపు నుంచి ఒడియా పేపరు గుమ్మంలో పడతాయి. ముప్పై ఏళ్ళుగా రెండూ వేయించుకుంటున్నాను. మీ నానమ్మ "ఒకే వార్తకి రెండుసార్లు డబ్బులు తగలేస్తారు" అని దెప్పుతుంది. ఒకే వార్త అయితే ఆవిడ అన్నది నిజమే.

కొటియా గురించి అడిగావు కాబట్టి 2021 ఫిబ్రవరి పేపర్లు ట్రంకుపెట్టెలోంచి తీశాను. ఆంధ్రా ప్రభుత్వం ఆ ఊళ్ళలో కొన్నిటికి పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఇది కోర్టు ధిక్కారం అంటూ ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్ళింది. నా దగ్గరున్న తెలుగు పేపర్లో మూడు కాలమ్‌ల వార్త. కొండ దిగి వచ్చి ఓటేసిన గిరిజనులు, క్యూ ఫోటో, ఒడిశా అధికారులు అడ్డుపడ్డారన్న ఆరోపణ, అన్నీ ఉన్నాయి. కానీ 21 ఊళ్ళ గొడవ 1968లోనే సుప్రీంకోర్టుకి ఎక్కిందనీ, 2006లో కోర్టు ఇది మేం తేల్చేది కాదు, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి అని చెప్పిందనీ ఒక్క ముక్క లేదు. ఆ ముక్క పడితే చదివేవాడు వెంటనే "మరి మనవాళ్ళు ఎన్నికలు ఎలా పెట్టారు?" అని అడుగుతాడు.

ఒడియా పేపర్లో అదే రోజు మొదటి పేజీ. ఆంధ్రా చొరబాటు అని హెడ్డింగే కేక పెడుతోంది. కోర్టు సంగతి తేదీలతో సహా ఉంది. లేనిది ఏమిటంటే, ఆ ఊళ్ళలో చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయని, రెండు వైపులా ఓట్లేస్తారని. అది రాస్తే ఇక్కడి పాఠకుడు "వాళ్ళు అటు ఎందుకు చూశారు, ఇన్నాళ్ళూ మనం ఏం ఇచ్చాం?" అంటాడు.

చూశావా, ఎవరికి ఏ ప్రశ్న ఇబ్బందో ఆ ప్రశ్న పుట్టించే వాక్యమే ఎగిరిపోయింది. నేను నీకు చెప్పగలిగిన కిటుకు ఇదొక్కటే, మిగతాదంతా దీని వెనకాల వచ్చేదే. వార్త చదివాక "ఇందులో ఏం లేదు?" అని అడిగితే దిక్కు తోచదు, లేనివి కోటి ఉంటాయి. "ఏ ఒక్క వాక్యం చేరిస్తే ఈ హెడ్డింగు నిలబడదు?" అని అడుగు. ఇంకోటి కూడా చెయ్యి. ఎవరెవరి మాటలు కోట్ చేశారో పెన్సిల్‌తో గీత గియ్యి. ఆ రెండు పేపర్లలో నేను గీసి చూశాను. కలెక్టర్లు, ఎమ్మెల్యేలు, పార్టీల వాళ్ళు. కొటియా ఊరి మనిషి నోట్లోంచి వచ్చిన వాక్యం రెండింటిలోనూ సున్నా. మన రెండు భాషలవాళ్ళం కొట్టుకుంటున్నది కువి భాష మాట్లాడే కొంధు గిరిజనుల ఊళ్ళ కోసం. వాళ్ళ భాష తెలిసిన విలేకరి అటూ లేడు, ఇటూ లేడు.

తెలుగులో ఇంకో సౌకర్యం కూడా ఉందమ్మా, కర్తని వదిలేసినా వాక్యం చక్కగా నడుస్తుంది. "లాఠీఛార్జి జరిగింది." "ఉద్రిక్తత చోటుచేసుకుంది." "ఇళ్ళు ఖాళీ చేయించారు." ఎవరు? "విద్యుత్ తీగ తగిలి రైతు మృతి" అని రోజూ చదువుతాం. తీగ వెళ్ళి తగిలిందా? అది ఎన్నాళ్ళ నుంచి వేలాడుతోంది, ఎవరికి ఫిర్యాదు ఇచ్చారు, ఎవరు చూడలేదు, ఏమీ ఉండదు. తప్పు తీగదీ, రైతుదీ అయి ఊరుకుంటుంది. అలాగే "అధికారులు తెలిపారు", "సమాచారం", "స్థానికులు ఆరోపిస్తున్నారు". గమనించు, ఒకే పేపరు ఒక పార్టీ వాళ్ళు అన్నది "వెల్లడించారు" అని రాస్తుంది, ఇంకో పార్టీ వాళ్ళు అన్నది "ఆరోపించారు" అని రాస్తుంది.

ఇంత తెలిసినట్టు మాట్లాడుతున్నానంటే కారణం ఉంది. మీ నాన్న చిన్నప్పుడు పదకొండేళ్ళు ఒక తెలుగు పేపరుకి కంట్రిబ్యూటర్‌గా పనిచేశాను. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లకి లెక్కగట్టి ఇచ్చేవారు, యాడ్ తెస్తే కమిషన్. ఒకసారి సరిహద్దు అవతల ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కాన్పు తర్వాత ఒకావిడ పోయింది. వాళ్ళ అన్నయ్య నా దగ్గరికి వచ్చి, రక్తం కావాలని చివరి గంటలో చెప్పారనీ, డాక్టరు ఊళ్ళోనే లేడనీ అన్నీ చెప్పాడు. నేను రాశాను. రాస్తూ రాస్తూ ఆస్పత్రి పేరు నేనే తీసేసి "ఓ ప్రైవేటు ఆస్పత్రి" అన్నాను. డాక్టరు లేడన్న లైను కూడా తీసేశాను, రుజువు లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుంటే పోయేది. చెయ్యలేదు. అంతకు పది రోజుల ముందే వాళ్ళ వార్షికోత్సవం క్వార్టర్ పేజీ యాడ్ తెచ్చింది నేనే. నాకు పై నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు, ఎవరూ బెదిరించలేదు. ఆ అన్నయ్య ఇప్పటికీ బజార్లో కనబడితే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడం కష్టంగా ఉంటుంది.

అందుకని "వాళ్ళ ఓనరు చెప్పాడు కాబట్టి రాయలేదు" అని తొందరపడి తేల్చెయ్యకు. ఓనరు పార్టీ, ఓనరు వ్యాపారం చూడాల్సినవే. పేపరు అడుగున చిన్న అక్షరాల్లో ముద్రించినది ఎవరు, ప్రచురించినది ఎవరు, సంపాదకుడు ఎవరు అని వేస్తారు. 1867 నాటి చట్టం నుంచీ వెయ్యాల్సిందే. నువ్వు ఒక్కసారైనా చదివావా? ఎన్నికలప్పుడు వార్తలాగా కనిపించే యాడ్‌లూ ఉంటాయి. పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ 2010లో నివేదిక ఇచ్చింది కూడా. అవన్నీ నిజమే. కాకపోతే సగం ఖాళీలు బద్ధకం వల్ల, ఖర్చు వల్ల, పేజీ హద్దుల వల్ల వస్తాయి. డెస్కులో చోటు చాలకపోతే వార్తని కింద నుంచి కోస్తారు. అవతలి వాడి వివరణ ఎప్పుడూ చివరి పేరాలోనే ఉంటుంది మరి.

పేజీ హద్దు అంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తితలీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నువ్వు అప్పుడు చిన్నదానివి, మంచం కింద దూరావు. మన పెంకులు ఎగిరిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. పేపర్లు మళ్ళీ రావడం మొదలయ్యాక రెండూ అరుగు మీద పరిచాను. తెలుగు పేపరు నిండా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కూలిన కొబ్బరి తోటలు, జీడితోటలు, తల పట్టుకున్న రైతులు. ఒడియా పేపరు నిండా మన గజపతి జిల్లా. బరఘర ఊళ్ళో కొండచరియ విరిగిపడి, గుహలో తలదాచుకున్నవాళ్ళు పోయారు. ఒకటి చదివితే గాలి ఇచ్ఛాపురం దగ్గర ఆగినట్టు, రెండోది చదివితే గాలి మహేంద్రతనయ నదికి ఇవతలే పుట్టినట్టు. ఇందులో పక్షపాతం ఏముంది చెప్పు? శ్రీకాకుళం జిల్లా పేజీ శ్రీకాకుళం జిల్లాలోనే ఆగిపోతుంది. కానీ ఉద్దానం రైతుకి బరఘర సంగతి తెలియలేదు, బరఘరలో పిల్లల్ని పోగొట్టుకున్నవాడికి ఉద్దానం తెలియలేదు. ఎవరికి వారు తమకొక్కళ్ళకే జరిగిందనుకున్నారు.

మరి పొరపాటుకీ పక్షపాతానికీ తేడా ఎలా పట్టుకోవాలి? ఒక్క రోజు పేపరుతో పట్టుకోలేవు. ఒక నోటుబుక్కు పెట్టు. నేను పెట్టినది రూళ్ళ పుస్తకం, ఎడమ పేజీలో తేదీ, వార్త, ఏ వాక్యం లేదనిపించిందో అది. కుడి పేజీ ఖాళీగా వదిలేస్తాను. మర్నాడో వారానికో అదే పేపరు ఆ సంగతి రాస్తే కుడివైపు ఎక్కిస్తాను. చాలాసార్లు రాస్తారు, అప్పుడు అది ఆలస్యం, అంతే. మూడు నెలల తర్వాత ఎడమవైపు చదువుకుంటూ వెళ్తే, ఏ మనుషుల పక్కన కుడి పేజీ ఎప్పుడూ ఖాళీయో కనిపిస్తుంది. "విచారణకు ఆదేశించారు", "కమిటీ వేశారు" అన్న వార్తలు తప్పకుండా రాసుకో. 2021 నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు, కొటియా, వంశధార మీద నేరడి బ్యారేజీ లాంటివి తేల్చడానికి ప్రధాన కార్యదర్శులతో కమిటీ అన్నారు. రెండు భాషల్లోనూ మొదటి పేజీ. నా నోటుబుక్కులో దాని ఎదురుగా కుడి పేజీ ఇప్పటికీ తెల్లగానే ఉంది.

నేరడి ఇంకో ముచ్చట. 2017 సెప్టెంబరులో వంశధార ట్రైబ్యునల్ తుది తీర్పు వచ్చినప్పుడు తెలుగు వైపు విజయం, ఒడియా వైపు అన్యాయం. నీళ్ళు చెరిసగం అన్నది ఒడియా పేపర్లో కింద ఎక్కడో, బ్యారేజీకి ఒడిశా భూమి 106 ఎకరాలు కావాలన్నది తెలుగు పేపర్లో కింద ఎక్కడో. మన పొలం అందులో లేదు కాబట్టి నేను కూడా మొదటిసారి చదివినప్పుడు ఆ 106 దాటేసి వెళ్ళిపోయాను.

ఇప్పుడు నీ సంగతి. గ్రూపులో నువ్వు పెట్టినది ఒక్క క్లిప్పింగే. తెలుగుది. మీ ఫ్రెండు చూపించిన ఒడియాది నీ ఫోన్లో ఉండే ఉంటుంది, ఎందుకు పెట్టలేదు? తిట్టడం లేదు. గ్రూపులో మీ పెద్దమావయ్య ఊరుకోడని అనుకుని ఉంటావు. లైన్ అకౌంట్ రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మన ఇంట్లోనే చూడు, 1936 ఏప్రిల్ 1 అంటే మీ నానమ్మ పుట్టింటివాళ్ళకి పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోయి, గిడుగు రామమూర్తి గారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయిన రోజులు. నువ్వు స్కూల్లో చదివిన పుస్తకంలో అది మన ఊరి రాజా కృష్ణచంద్ర గజపతి గారు సాధించిన ఒడిశా రాష్ట్రం పుట్టినరోజు. నీకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆ రెండూ ఒకటేనని నీకు ఎవరం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

దసరాకి వచ్చేటప్పుడు అక్కడి ఒడియా పేపర్లు ఒక వారానివి కట్టగట్టి తీసుకురా. భువనేశ్వర్ ఎడిషన్ ఇక్కడికి రాదు. అదే వారం తెలుగువి నేను దాచి ఉంచుతాను. నా కళ్ళకి ఆ సన్నక్షరాలు ఆనడం లేదు, నువ్వు చదువు, నేను గీతలు గీస్తాను. ఈలోగా ఆ రెండో క్లిప్పింగ్ కూడా గ్రూపులో పెట్టు. పెద్దమావయ్య సంగతి నేను చూసుకుంటాను.

మీ
తాతయ్య