నాన్నగారి పనిముట్లు: ఏవి అమ్మాలి, ఏవి ఉంచాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు. నాన్నగారు నలభై ఏళ్లు వడ్రంగం చేశారు. పోయిన ఏడాది పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి కాలం చేశారు. ఆయన పనిచేసిన షెడ్డు అద్దెది, నెలకు 2,500. పద్నాలుగు నెలలుగా తాళం వేసే ఉంది, అద్దె నేనే కడుతున్నాను. అందులో 2016లో 85,000 పెట్టి కొన్న ప్లేనర్ మిషన్ (చెక్కను నున్నగా చదును చేసేది), ఒక హ్యాండ్ రౌటర్ (చెక్కకు గాడులు తీసేది), ఒక కట్టర్, ఇనప పెట్టె నిండా చేతి పనిముట్లు, మూలన కొన్ని టేకు చెక్కలు ఉన్నాయి. పాత సామాన్ల డీలర్ ఒకాయన అన్నీ కలిపి 55,000 ఇస్తానంటున్నాడు. నాన్న దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి మిషన్ ఒక్కటే 40,000కు అడుగుతున్నాడు. అయితే 10,000 ఇప్పుడిచ్చి, మిగతాది మెల్లగా ఇస్తానంటున్నాడు. తమ్ముడు హైదరాబాద్‌లో సొంతంగా ఇంటీరియర్ పనులు చేసుకుంటాడు. ఎప్పటికైనా షాపు పెడతాను, ఏదీ అమ్మొద్దు అంటాడు. అమ్మ పైకి ఏమీ అనదు గానీ, మొన్న దసరాకు షెడ్డుకు వెళ్లి పెట్టెకు పసుపు రాసి బొట్లు పెట్టి వచ్చింది. ఆసుపత్రి ఖర్చులకు నా నగల మీద తెచ్చిన 1,20,000 గోల్డ్ లోన్ 12 శాతం వడ్డీతో అలాగే ఉంది. వడ్డీ నెలనెలా కడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అద్దె సంగతి చూద్దాం. పద్నాలుగు నెలలకు మీరు 35,000 కట్టేశారు. ఇంకో ఎనిమిది నెలలు ఇలాగే కడితే మొత్తం 55,000 అవుతుంది. అంటే డీలర్ ఇస్తానన్న సొమ్మంతా తాళం వేసిన షెడ్డుకే పోసినట్టు. దీనికి తోడు గోల్డ్ లోన్ వడ్డీ నెలకు 1,200. రెండూ కలిపి మీ చేతి నుంచి నెలకు 3,700 వెళ్లిపోతోంది, అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గడం లేదు.

అలాగని రేపే డీలర్‌ని పిలిచి లారీ ఎక్కించమని చెప్పను. మీ ఇంట్లో అందరూ పనిముట్లు అమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. మీ డబ్బు తినేస్తున్నది పనిముట్లు కాదు, షెడ్డు. ఒక నెలలో షెడ్డు ఖాళీ చేయాలని ముందు తీర్మానించుకోండి. అప్పుడు ఒక్కో వస్తువు గురించి విడిగా, నెమ్మదిగా ఆలోచించడానికి వీలు దొరుకుతుంది.

విడిగా అని ఎందుకంటున్నానో చెబుతాను. మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. ఆయన పోయిన నెల రోజులకే, ఒక మధ్యాహ్నం పూట, పాత ఇనుము కొనే అతన్ని పిలిచి షాపులో ఉన్నదంతా తూకానికి ఇచ్చేశాను. పంపులు, స్పానర్లు, రిమ్ము వంకర తీసే స్టాండు, అన్నీ ఒకే గోతంలో పడ్డాయి. కాటా మీద గోతం పెట్టి కిలో లెక్కన డబ్బు చేతిలో పెట్టాడు. ఆ స్టాండు కోసం పక్క వీధి మెకానిక్ నాన్న ఉండగానే రెండుసార్లు అడిగాడని తర్వాత అమ్మ చెప్పింది. పనికొచ్చే వస్తువును పనిచేసే మనిషికి అమ్మాల్సింది పోయి, ఇనుము కింద అమ్మాను. ఇప్పటికీ అది మనసులో ముల్లులాగే ఉంది. మీరు ఆ తప్పు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

డీలర్ అన్నీ కలిపి ఒకే రేటు చెప్పాడంటే అతని కన్ను దేని మీద ఉందో చూడాలి. ప్లేనర్‌ను మిషన్ లాగా తిరిగి అమ్ముకోవచ్చు. అది కుదరకపోయినా మోటార్లో రాగి తీగ చుట్టలు ఉంటాయి, రాగి కిలో ధర ఇనుముకు ఎన్నో రెట్లు. ఇక మూలన ఉన్న టేకు చెక్కలు. వాటి గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకైతే ఈ బేరంలో అసలు సరుకు అదేనేమో అనిపిస్తోంది. ఏళ్ల తరబడి నీడపట్టున ఆరిన టేకు అంత సులువుగా వంగదు, పగలదు. పని తెలిసినవాళ్లు అలాంటి కర్ర కోసం వెతుక్కుంటారు. టేకును ఘనపుటడుగు లెక్కన అమ్ముతారు, అడుగు ధర వేలల్లోనే ఉంటుంది. పొడవు, వెడల్పు, మందం కొలిచి ఒక కాగితం మీద రాసుకుని, దగ్గర్లోని రెండు కలప డిపోల్లో అడగండి. నాన్నగారు కొన్నప్పటి బిల్లులు ఉంటే తీసి పెట్టుకోండి. టేకును ఊరు దాటించాల్సి వస్తే అటవీ శాఖ అనుమతి సంగతి కొనేవాళ్లతో ముందే తేల్చుకోండి. ఈ ధర తెలియకుండా డీలర్‌కు అవుననీ కాదనీ చెప్పొద్దు.

ఇప్పుడు మిషన్. దీన్ని అమ్మేయండి. నా ఉద్దేశంలో నాన్నగారి శిష్యుడికే అమ్మడం మంచిది. వాడకుండా నిలబెట్టిన మిషన్‌కు వయసు త్వరగా వస్తుంది. మీది ఉప్పుగాలి తగిలే ప్రాంతం, బేరింగులు బిగుసుకుపోతాయి, టేబుల్ మీద తుప్పు ఎక్కుతుంది. తిరుగుతున్న మిషన్‌ను వడ్రంగి కొంటాడు, తిరగని మిషన్‌ను స్క్రాప్ వాడు కొంటాడు. ఇప్పుడైతే 40,000కు అడిగే మనిషి ఉన్నాడు, రెండేళ్ల తర్వాత ఉంటాడో లేదో. పైగా ఆ ఒక్క మిషన్ ధరే డీలర్ మొత్తం ధరలో మూడొంతుల దాకా వస్తోంది.

అయితే 10,000 ఇచ్చి మిషన్ తీసుకెళ్తానంటే ఒప్పుకోవద్దు. సగం, అంటే 20,000, మిషన్ కదిలే రోజునే ఇవ్వాలి. మిగతా 20,000 నెలకు 5,000 చొప్పున నాలుగు వాయిదాల్లో ఇవ్వాలి. ఇదంతా స్టాంపు కాగితం మీద రాసి, మోటార్ నంబరు వేసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. మనవాడే కదా, కాగితం ఎందుకని మొహమాటపడొద్దు. కాగితం ఉంటేనే రేపు ఒక నెల ఆలస్యమైనా మాటా మాటా పెరగకుండా ఉంటుంది. ఇంకో మాట కూడా అడిగి చూడండి. షెడ్డు యజమాని ఒప్పుకుంటే ఆ శిష్యుడే షెడ్డును తన పేరు మీద అద్దెకు తీసుకుంటాడేమో. అలా కుదిరితే మిషన్ కదిలించే ఖర్చు అతనికి తప్పుతుంది, మీకు అద్దె తప్పుతుంది. కుదిరినా కుదరకపోయినా నాన్నగారు ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి తీసుకోవడం మరిచిపోవద్దు. కరెంటు కనెక్షన్ నాన్నగారి పేరున ఉంటే దాని మీద కట్టిన డిపాజిట్ కూడా తిరిగి వస్తుంది.

అమ్మే ముందు ఒకటి చూడండి. ఆ మిషన్ మీద నాన్నగారు బ్యాంకులో ముద్రా (చిన్న వ్యాపారాలకు ఇచ్చే ప్రభుత్వ పథకం) లాంటి అప్పు తీసుకుని ఉంటే, అది పూర్తిగా తీరినట్టు కాగితం ఉందా? బాకీ ఉంటే మిషన్ బ్యాంకుకు తాకట్టులో ఉన్నట్టే, అది తీర్చకుండా అమ్మకూడదు. పన్ను గురించి టెన్షన్ పడక్కర్లేదు. 85,000కు కొన్నది 40,000కు పోతోంది కాబట్టి లాభమే లేదు.

ఒకవేళ శిష్యుడితో కుదరక ఆన్‌లైన్లో పెడితే ఒక్క జాగ్రత్త. డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టేయండి. మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

తమ్ముడి మాటను నేను కొట్టిపారేయడం లేదు. సొంత షాపు పెట్టాలన్న కోరిక మంచిదే. కానీ ఎప్పటికైనా అనే మాటకు నెలకు 2,500 అద్దె మీరు కడుతున్నారు. ఫోన్ చేసి నెమ్మదిగా అడగండి: మిషన్ కావాలంటే ఈ నెలలోనే హైదరాబాద్ తీసుకెళ్లు, లేదంటే వచ్చే నెల నుంచి అద్దె నువ్వు కట్టు. ఇందులో నిష్ఠూరం ఏమీ లేదు. అతనికి నిజంగా కావలసినవి రౌటర్, కట్టర్. ఇంటీరియర్ పనిలో రోజూ వాడేవి అవే, బస్సులో వేసుకుని పోవచ్చు కూడా. అవి అతనికి ఇచ్చేయండి.

షాపు పెట్టాలనుకుంటే అతనికి ఇంకో దారి ఉంది. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులు ఉన్నాయి, వడ్రంగం వాటిలో ఒకటి. చేతులతో, పనిముట్లతో సొంతంగా పనిచేసుకునేవాళ్లకు ఇది వర్తిస్తుంది. మీ తమ్ముడు జీతానికి కాకుండా సొంతంగా చేసుకుంటున్నాడు కాబట్టి అడగొచ్చు. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది, శిక్షణలో రోజుకు 500 ఇస్తారు. పనిముట్లు కొనుక్కోవడానికి 15,000 ఈ-వోచర్ రూపంలో వస్తుంది. తర్వాత 5 శాతం వడ్డీకి, హామీ ఏమీ లేకుండా, మొదట లక్ష వరకు 18 నెలల గడువుతో, అది సరిగ్గా కడితే ఇంకో 2 లక్షల వరకు 30 నెలల గడువుతో అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, ప్రభుత్వ ఉద్యోగి ఉన్న కుటుంబానికి ఇవ్వరు. గత అయిదేళ్లలో ముద్రా అప్పు తీసుకుని ఇంకా బాకీ ఉన్నా రాదు, పూర్తిగా తీర్చేసి ఉంటే వస్తుంది. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటర్‌లో చేసుకోవాలి. పదేళ్ల నాటి మిషన్‌ను దాచుకోవడం కన్నా, షాపు పెట్టే రోజున ఈ అప్పుతో తనకు తగిన మిషన్ కొనుక్కోవడం తమ్ముడికే లాభం.

ఇక ఆ ఇనప పెట్టె. దాన్ని అమ్మొద్దు.

ఇది సెంటిమెంటుతో చెబుతున్నది కాదు, లెక్క చూసే చెబుతున్నాను. బాడిస, ఉలులు, రంపాలు, చిత్రిక పట్టే తోపడ, రంధ్రాలు వేసే బరమా, మూలమట్టం అన్నీ కలిపి అమ్మితే వచ్చేది ఒక నెల అద్దెకు కొంచెం అటూ ఇటూ. డీలర్ వాటిని తూకానికే చూస్తాడు. ఉంచుకుంటే అయ్యే ఖర్చు దాదాపు సున్నా, మంచం కింద పెట్టుకోవచ్చు. అమ్మితే పెద్దగా రానిదాన్ని, ఉంచితే ఏమీ తిననిదాన్ని ఎందుకు అమ్మాలి? నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. పెద్ద మిషన్ విలువైనదని దాచిపెట్టి, చేతి పనిముట్లు పాతవని ఇచ్చేస్తారు.

ఒకసారి తీరిగ్గా ఆ పెట్టె తెరిచి, ఒక ఉలి తీసి చూడండి. పైన ఎర్రగా తుప్పు కనిపిస్తుంది. ఆకురాయితో కాదు, సన్నటి ఎమరీ కాగితానికి నాలుగు చుక్కల మిషన్ ఆయిల్ రాసి రుద్దండి. తుప్పు పైపొరదే అయితే రెండు నిమిషాల్లో కింద తెల్లటి ఉక్కు బయటపడుతుంది. అది సానపడితే మళ్లీ కోస్తుంది. గుంటలు పడి చేతికి గరుకుగా తగిలితే దాన్ని బాగుచేయడం కష్టం. తోపడను తిప్పి చూడండి. నాన్నగారి బొటనవేలు ఆనే చోట కర్ర నల్లగా, నున్నగా అరిగి ఉంటుంది. అలాంటివి ఏ షాపులోనూ దొరకవు. బాగున్నవాటికి పల్చగా గ్రీజు పూసి నూలు గుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం చుట్టొద్దు, లోపల చెమ్మ పట్టి తుప్పు తినేస్తుంది. పెట్టెను నేల మీద కాకుండా రెండు చెక్కల మీద పెట్టండి. ఏటా ఆయుధపూజకు అమ్మగారు ఎలాగూ తీస్తారు, అప్పుడే గ్రీజు మార్చండి. రెండేసి మూడేసి ఉన్న ఉలులు, రంపాలు ఉంటే అందులోంచి ఒకటో రెండో ఆ శిష్యుడి చేతిలో పెట్టండి. డబ్బు తీసుకోవద్దు.

అమ్మగారు ఏమీ అనరని రాశారు. కానీ ఈ ఆస్తిలో ఆవిడకు హక్కు ఉంది. నాన్నగారు వీలునామా రాయకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమాన వాటాలు. నాయనమ్మ ఉంటే ఆవిడకూ ఒక వాటా. మిషన్లూ చెక్కలూ కూడా ఆస్తే. అందుకని అమ్మకం కాగితం మీద అందరి సంతకాలూ ఉండాలి. అంతకంటే ముందు అమ్మగారిని షెడ్డుకు తీసుకెళ్లి, ఏవి ఉంచమంటారో ఆవిడనే చూపించమనండి. పసుపు రాసి వచ్చిన మనిషికి ఏవో కొన్ని మనసులో ఉండే ఉంటాయి. ఇంట్లో పట్టేది ఏది అడిగినా ఉంచేయండి.

వచ్చిన డబ్బు గురించి. ముగ్గురి వాటా కాబట్టి అమ్మగారూ తమ్ముడూ ఒప్పుకోవాలి. కానీ ఆ గోల్డ్ లోన్ తెచ్చింది నాన్నగారి ఆసుపత్రికే, కుదువపడింది మీ నగలు. ముందు ఆ అప్పు తీర్చడమే న్యాయం, ఈ మాట తమ్ముడికి మీరు చెప్పలేకపోతే ఈ జవాబు చూపించండి. ఎఫ్‌డీ వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. 12 శాతం అప్పు పక్కన పెట్టుకుని అంతకన్నా తక్కువ వడ్డీకి డబ్బు దాచుకుంటే నష్టమే.

లెక్క ఇలా ఉంటుంది. మిషన్ మీద వచ్చే 40,000 వచ్చింది వచ్చినట్టు అసలులో కట్టండి. అసలు 80,000కు దిగుతుంది. అద్దె ఆగిపోయింది కాబట్టి ఆ 2,500, ఇప్పటిదాకా వడ్డీకి కడుతున్న 1,200 కలిపి నెలకు 3,700 మానకుండా కట్టండి. సుమారు రెండేళ్లలో నగలు ఇంటికి వస్తాయి. టేకు డబ్బు, షెడ్డు అడ్వాన్స్ కూడా ఇందులోనే వేస్తే ఇంకా ముందే వస్తాయి. లోన్ గడువు ఏ తేదీతో ముగుస్తుందో రశీదులో చూసుకోండి. గడువు దాటనివ్వకుండా తిరగరాయించుకోవాలి. పాక్షికంగా కడితే కొన్ని నగలు ముందుగా విడిపిస్తారేమో కూడా అడగండి, కొన్నిచోట్ల ఇస్తారు.

ఈ ఆదివారం అమ్మగారితో షెడ్డు తెరవండి. చెక్కలు కొలవండి, మిషన్‌కు కరెంటు ఇచ్చి తిరుగుతోందో లేదో ఆ శిష్యుడి చేతనే చూపించుకోండి. టేకుకు డిపోవాళ్లు ఏ ధర చెప్పారో నాకు రాయండి. డీలర్‌కు ఏమని జవాబివ్వాలో అప్పుడు చెబుతాను.