చర్చి సామాన్ల గది తాళం తీసేముందు పేర్లు చదవండి

"మా చర్చిల ఇరవై ఏండ్ల పాత సామాను పేరుకుపోయింది. సంఘమంతా కలిసి ఒక్క శనివారంల ఖాళీ చేద్దామనుకుంటున్నం, ఎట్ల మొదలుపెట్టాలె?" అని అడిగిండ్రు. ముందుగాల ఆ ఒక్క శనివారం ముచ్చట మానుకోండి.

మాది హన్మకొండ దిక్కు చిన్న సంఘం. పన్నెండేండ్లు సెక్రెటరీగ చేసిన. 2023 జూలై వానలకు కాలనీలు మునిగినప్పుడు సామాన్లు పెట్టుకునే మా వెస్ట్రీ గదిలకు మోకాలిమట్టం నీళ్ళొచ్చినయి. నీళ్ళు తీసినంక తలుపు తెరిస్తేగాని లోపల ఏమున్నదో మాకే తెల్వదు. క్రిస్మస్‌కు చేసిన థర్మోకోల్ పశువుల పాకలు నాలుగు, ఏండ్ల కింది వీబీఎస్ (ఎండకాలం సెలవులల్ల పిల్లలకు పెట్టే బైబిల్ బడి) చార్టులు, కాళ్ళిరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, మూడు ఆంప్లిఫయర్లు. యూత్‌ల కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా పాత సెట్టు బాగలేదని కొత్తది కొంటరు, పాతదాన్ని అట్టపెట్టెతో సహా దాస్తరు. అన్నిటికంటె మించి, ఏడు గోడ గడియారాలు. ఒక్కటి నడవదు. ప్రతిదాని మీద ఎర్ర పెయింటుతోని "ఫలానా వారి జ్ఞాపకార్థం".

అసలు రోగం ఇదే. మనిషి పోయి ఏడాది తిరిగితే ప్రార్థన పెట్టించి ఒక గడియారమో, ఫ్యానో, బీరువానో ఇస్తరు. ఎవరన్న ఒక నెల కరెంటు బిల్లు జ్ఞాపకార్థం కట్టిండ్రా? నేనైతే చూడలే. మెదక్ చర్చి చూసొచ్చినోళ్ళు రంగుటద్దాల గురించి గంటసేపు చెప్తరు. అంత పెద్ద గుడికి సామాన్ల గది ఎక్కడున్నదని ఒక్కరూ అడగరు.

పని నవంబర్‌ల పెట్టుకోండి. ఎండకాలం వీబీఎస్ పిల్లలుంటరు, డిసెంబర్‌ల నక్షత్రాలు, తోరణాలు వచ్చి పడతయి. రిజిస్టర్ల మీద మాత్రం యూత్ పిల్లల చెయ్యి పడనియ్యొద్దు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద రాసిన పెళ్ళి రిజిస్టర్లు చెదలు తిన్నా సరే తీసి దాయాలె. బాప్తిస్మం రిజిస్టర్ కూడ అంతే. ముసలోళ్ళల్ల చానమందికి పుట్టిన తేదీ రాసిపెట్టిన కాగితం అదొక్కటే. చినిగిన బైబిళ్ళను తూకానికి వేస్తే స్త్రీల సమాజం ఊకోదు. మేము సమాధుల తోటల గొయ్యి తీసి, అయ్యగారు ప్రార్థన చేసినంక పూడ్చినం.

ఇగ బీరువా సంగతి. ఆకుపచ్చ రంగుది, రెండు తలుపులది. వాన నీళ్ళకు కాళ్ళు తుప్పు పట్టి ఒక పక్కకు ఒరిగింది. నలుగురు పిల్లలు మోసుకొచ్చి పాతసామాన్ల ట్రాలీల ఎక్కించిండ్రు. "పాత ఇనుప సామాన్లు కొంటం" అని ఆ మైకుల మోగే మాట విన్నదో ఏమో, వెనక గల్లీల ఉండే ముసలమ్మ కట్టె పట్టుకోని వచ్చింది. బీరువా మీద చెయ్యి పెట్టింది.

"ఇది మా ఆయన పేరు మీద ఇచ్చింది కొడుకా. కిలోల లెక్క అమ్ముతుండ్రా?"

పిల్లలు నా మొఖం చూసిండ్రు. నేను వంగి ఎడమ తలుపు మీది పేరు చదివిన. ఆమె పెనిమిటిది కాదు. హైదరాబాద్‌ల స్థిరపడ్డ ఇంకో కుటుంబపాయనది. ఆమె ఇచ్చిన బీరువా 2011ల నేనే అమ్మిన. గప్పుడు కొత్త సెక్రెటరీని, ఈస్టర్ ముందర సాఫు చేస్తున్న అని గొప్పగ, తాళం పడతలేదని తూకానికి వేసిన. ఎన్ని కిలోలైందో చూసిన గని, తలుపు మీద ఎవరి పేరున్నదో చూడలే.

ఆమెకు చదువు రాదు. నాకొస్తది. "అవునమ్మా, ఆయనదే" అన్న. ఒక పిల్లగాడు నోరు తెరవబోతుంటె కన్ను ఉరిమి చూసిన.

బీరువా కిందికి దిగింది. ట్రాలీ ఆయన గొణుక్కుంట పోయిండు. నా జేబు పైసలతోని వెల్డింగ్ చేయించి కొత్త కాళ్ళు పెట్టించిన. గంతటితో ఒడిసిందనుకున్న. మర్నాడు ఆరాధన అయినంక ఆమె వచ్చి, "నీళ్ళకు పేరు మాసిపోయినట్టున్నది, మల్ల రాయించు కొడుకా" అన్నది. ఉన్న పేరు చెరిపేస్తే ఇంకొకరికి అన్యాయం. పెయింటర్‌ను పిలిచి కుడి తలుపు మీద ఆమె పెనిమిటి పేరు రాయించిన. ఇప్పుడు ఆదివారం వచ్చినప్పుడల్లా దాన్ని ఒకసారి ముట్టి పోయి కూసుంటది.

అందుకే చెప్తున్న, మనుషులను పిలిచేముందు ఒక నోట్‌బుక్కు పట్టుకోని ఏ వస్తువు మీద ఏ పేరున్నదో రాసుకోండి. వాళ్ళ ఇండ్లకు పోయి ఛాయ తాగి అడగండి. పదిండ్లల్ల తొమ్మిదిండ్లు "తీసెయ్యండి, మాకు యాదికే లేదు" అంటరు. ఆ పదో ఇల్లు కోసమే తిరుగుడు.

నిరుడు క్రిస్మస్‌కు హైదరాబాద్ వాళ్ళు వచ్చిండ్రు. పెద్దకొడుకు తండ్రి పేరు చూసుకోని సంబురపడి, పక్క తలుపు చూసి "ఈయనెవరు అంకుల్?" అన్నడు.

"బీరువాకు రెండు తలుపులు గద బాబూ" అన్న.

కాసేపు ఆలోచించి, కారుల నుంచి ఒక డబ్బా తెచ్చి నా చేతుల పెట్టిండు. గోడ గడియారం.