గవుసెన విప్పు తల్లీ

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి,

అత్త ఆశీస్సులు. మొన్న ఫోన్లో "వీణ బీరువా మీదే ఉందత్తా, ఈ ఆఫీసు టెన్షన్‌లో ఇంకదెక్కడ" అన్నావు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పెళ్లయిన కొత్తలో నేనూ అలాగే వీణకి గవుసెన, అదే గుడ్డ తొడుగు, తొడిగి గోడకి ఆనించేశాను. పిల్లలు, ఉద్యోగం, మంచాన పడ్డ అత్తగారు. పదకొండేళ్లు గడిచిపోయాయి. వాయించొద్దని నాతో ఎవరూ అనలేదు, నాకిప్పటికీ అదే బాధ. మళ్లీ విప్పేసరికి వీణ మీద స్వరాల మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి మూడు మెట్లు ఒరిగిపోయాయి. వేళ్ల మీది కాయలు ఎప్పుడో పోయాయి, తీగ లాగితే చర్మం కోసుకుంది. మొట్టమొదటి పాఠాలైన సరళి వరసల దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

అప్పుడే ఒక గమకం, తీగ లాగి స్వరాన్ని ఊపేది, తగ్గుగా పలికింది. నా చెవికి తెలిసింది. తీగ ఇంకో వెంట్రుకవాసి లాగాను, స్వరం కుదిరింది. నా తప్పు నాకే వినబడి, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా నేనే దిద్దుకున్నాను. ఆ ఏళ్లన్నిటిలో అలాంటి నిమిషం నాకు ఇంకెక్కడా దొరకలేదు. రోజంతా ఎవరో ఒకరు నీ తప్పులు ఎత్తిచూపే ఉద్యోగం నీది. నీకు అది ఇంకా అవసరం.

విద్వాంసురాలిని అవుతానా ఏమన్నానా అంటావు. శ్రీకాకుళం దగ్గర మా ఊళ్లో తప్పెటగుళ్లు ఆడే యాదవులు పగలంతా గొర్రెల వెంట తిరిగొచ్చేవారు. రాత్రికి డప్పులాంటి రేకు గుల్ల గుండెకి కట్టుకుని, గజ్జెలు వేసుకుని తెల్లార్లూ ఆడేవారు. చివర నిలబడ్డ కుర్రాడు అడుగు తప్పితే, పక్కనున్న పెద్దాయన మాట అనేవాడు కాదు. తన గుల్ల మీద దెబ్బ కొంచెం గట్టిగా వేసేవాడు, పిల్లాడు దాన్ని పట్టుకుని లయలోకి వచ్చేసేవాడు. తెల్లారితే మళ్లీ గొర్రెలే.

నేను చదువుకున్న ఇక్కడి సంగీత కళాశాల 1919 నాటిది. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ ఫిడేలు నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు మందం. చెవినీ చేతినీ నమ్ముకునే అంతటివారయ్యారు. మనం అంతటివాళ్లం కాకపోయినా ఆ చెవి కొంచెమైనా అలవడుతుంది.

పొద్దున్నే ఫోన్ ముట్టుకోకముందు ఇరవై నిమిషాలు కూర్చో. అందులో మొదటి అయిదూ శ్రుతికే. వర్ణాల్లాంటి పెద్ద పాఠాల జోలికి పోకు, సరళి వరసలే మూడు కాలాల్లో వాయించు. ఎడమచేతి వేళ్లకి కాస్త కొబ్బరినూనె రాసుకో. ఒంట్లో ఓపిక లేనిరోజున శ్రుతి చేసి లేచిపో, చాలు. వీడియో తీసి ఎవరికీ పంపకు, కనీసం ఆర్నెల్లు. పొగడ్త వచ్చిందంటే చెవి దాని మీదకి పోతుంది.

సంక్రాంతికి వీణ తెచ్చుకో. బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్దాం. ఒకే పనస దుంగ తొలిచి వీణలు చేసేవాళ్లు అక్కడున్నారు, మెట్లు వాళ్ల చేతే సరిచేయిద్దాం. బస్సు వద్దు, రైల్లో రా. వీణ కుండ దెబ్బ తినకుండా ఒళ్లోనే పెట్టుకో.

మీ అత్త