బయట తిరిగొచ్చే మా పిల్లి తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయి. పురుగులేనా? పిల్లలకు అంటుకుంటాయా? ఇక ఇంట్లోనే కట్టేసి పెంచాలా?

పురుగులే. బద్దెపురుగు (టేప్‌వర్మ్) ముక్కలవి. కట్టేయడం సంగతి తర్వాత, ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. అలాంటి గింజే మా అమ్మ చేతికి దొరికింది.

మాది తిరుపతి కొర్లగుంట. మా పిల్లి పేరు జమీందారు. నాలుగిళ్లలో వసూళ్లు చేసుకుని రాత్రికి మా ఇంటికొచ్చి చాప మీద పడుకుంటాడు కాబట్టి ఆ పేరు.

ఆ రోజు పెరటాసి నెల మూడో శనివారం, ఇంట్లో తళిగ, అంటే వెంకన్నకు నైవేద్యం. మా అన్న కొడుకు నామాలు పెట్టిన చెంబు పట్టుకుని, గోవిందా అంటూ ఐదిళ్లు తిరిగి బియ్యం తెచ్చాడు. అమ్మ తడిబట్టతోనే వాటిని చాటలో పోసుకుంటోంది. పక్కన చాప మీద రెండు గింజలు కనిపించాయి. గోవింద బియ్యం, ఎవరి కాలైనా తగిలితే పాపం కదా! వేలితో అద్ది తీసి చాటలో వేయబోయింది. గింజ సాగింది. మళ్లీ ముడుచుకుంది.

"ఒరే, ఇది కదల్తా ఉండాదిరా!"

ఆ కేకకు పక్కింటివాళ్లు కూడా వచ్చేశారు. రెండో గింజ ఎండిపోయి నువ్వుగింజలా ఉంది, కాబట్టి ఎప్పటినుంచో రాలుతున్నాయన్నమాట. బియ్యం మొత్తం పక్కన పోసి, అమ్మ మళ్లీ తలస్నానం చేసి, పిల్లోడు మళ్లీ ఐదిళ్లు తిరిగి, తళిగ వేసేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అందరూ ఆకలితో నకనకలాడుతున్నారు. జమీందారు మాత్రం గోడ మీద కూర్చుని మూతి నాక్కుంటున్నాడు. "యాడన్నా ఇడ్సిపెట్టి రాపో" అని అమ్మ గోనెసంచి తెచ్చి నా ముందు పడేసింది.

నేను సంచి బదులు మందుల అంగడికి పోయాను. అదే నా తప్పు. మనుషులకిచ్చే ఆల్బెండజోల్ పురుగుల మాత్రలో సగం వెయ్యమన్నాడు అంగడాయన. వేశాను. జమీందారు నురగ కక్కుతూ మంచం కిందికి దూరాడు. నాలుగు రోజులకు మళ్లీ గింజలు. ఆ మందు పిల్లుల ఎముక మజ్జను దెబ్బతీయొచ్చని నాకు తర్వాత తెలిసింది. మన దగ్గర పిల్లికి రోగమంటే ఎవరూ లెక్కచెయ్యరు. కుక్కకైతే కారులో తీసుకుపోతారు, పిల్లికి మాత్రం "సగం మాత్ర వెయ్" అంటారు.

చివరికి బుట్టలో పెట్టుకుని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ పురుగుల మాట ఎత్తకుండా ముందు సన్న పళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వింది. నల్లటి నలుసులు రాలాయి. తడిదూది మీద వేస్తే చుట్టూ తుప్పురంగు దిగింది. మట్టి అనుకున్నాను. కాదట, పేలు తాగి విసర్జించిన రక్తమట. మన తలలో పాకే పేలు కాదు, గంతులేసే రకం. ఫ్లీస్ అంటారు.

అసలు కథంతా ఇక్కడే ఉంది. పిల్లి నుంచి రాలిన గింజ నిండా పురుగు గుడ్లే. అది చాప మీద ఎండి పగులుతుంది. చాప సందుల్లో పెరిగే ఫ్లీ పిల్లపురుగులు ఆ గుడ్లు తింటాయి. అవి పెద్దవై పిల్లి మీదికి ఎగురుతాయి. పిల్లి ఒళ్లు నాక్కుంటూ ఆ ఫ్లీని మింగేస్తుంది. మళ్లీ కడుపులో బద్దెపురుగు, రెండు మూడు వారాలకు మళ్లీ గింజలు! మాత్ర కడుపులో ఉన్నవాటినే చంపుతుంది. చాపను వదిలేస్తే మీ డబ్బులు నీళ్లపాలే.

మాకు ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్ కలిసిన మాత్ర రాశారు. మొదటిది బద్దెపురుగుకు, రెండోది ఏలికపాములకు. మెడ వెనక వేసే ఫ్లీ చుక్కల మందు వేరే. చాపను కాల్చేశాం, దుప్పట్లు మరిగే నీళ్లలో నానబెట్టాం, నాపరాళ్ల సందుల్లో నెలపాటు రోజూ చీపురు తిప్పాం. పెద్దదయ్యే ముందు గూడు కట్టుకుని అందులో ఉన్న ఫ్లీ నెలల తరబడి బయటికి రాకుండా ఆగగలదు, వారం శుభ్రం చేసి వదిలేయకండి.

చుక్కల మందు విషయంలో ఒక్క మాట. మా వీధిలో ఒకాయన కుక్కకు తెచ్చిన మందు మిగిలిందని పిల్లికి పోశాడు. అందులో పిల్లులకు విషమైన పెర్మెత్రిన్ ఉంది. పిల్లి వణికి వణికి తెల్లారేసరికి పోయింది. డబ్బా మీద కుక్క బొమ్మ ఉంటే పిల్లి దగ్గరికి తేవద్దు.

పిల్లలకా? ఈ గింజల పురుగు రావాలంటే పిల్లాడు ఫ్లీని మింగాలి. పాకే వయసు పిల్లల్లో ఎప్పుడో అరుదుగా జరుగుతుంది. నాకు భయం దానికన్నా ఇసుక కుప్పల మీద. మా వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు, స్వర్ణముఖి ఏటి ఇసుక రోడ్డు మీదే పోస్తారు, ఆర్నెల్లు తీయరు. ఊళ్లో పిల్లులన్నిటికీ అదే మరుగుదొడ్డి, సాయంత్రం పిల్లలందరికీ అదే ఆటస్థలం. పిల్లి ఏలికపాము గుడ్లు మట్టిలో కొన్ని వారాలకు ముదిరి, చేతుల ద్వారా నోట్లోకి పోతాయి. ఒక్క టార్పాలిన్ పట్టా కప్పమంటే ఇల్లు కట్టేవాళ్లకు కోపం. తప్పంతా పిల్లిదే!

మా వదిన కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇంతే, పిల్లిని తరిమేయమని చుట్టాల గోల. పిల్లి మలం ద్వారా వచ్చి కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి భయం నిజమే. కానీ పిల్లి మలంలో పడిన ఆ క్రిమి అంటుకునే స్థితికి రావాలంటే కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ నేనే తీసి పారేశాను, వదినను దగ్గరికి రానివ్వలేదు. సరిగ్గా ఉడకని మాంసంతోనూ అది వస్తుంది, దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఇక కట్టేయడం. వరస ఇళ్లలో, గోడకు గోడ ఆనుకున్నచోట పిల్లిని ఎలా కట్టేస్తారు? జమీందారును రెండు రోజులు గదిలో పెడితే తలుపు గీరి గీరి రంగంతా ఊడగొట్టాడు. బయట తిరిగే పిల్లికి మూడు నెలలకోసారి పురుగుల మందు, డాక్టర్ చెప్పిన గడువు ప్రకారం ఫ్లీ మందు తప్పకుండా వేయండి చాలు. ఇంట్లో ఎలుకలను కూడా తగ్గించండి, ఎలుకను తింటే ఇంకో రకం బద్దెపురుగు వస్తుంది.

మాత్ర బరువును బట్టి ఇస్తారు, మీ పిల్లి బరువెంతో మీరు రాయలేదు. మా జమీందారు త్రాసు మీద నిలబడడు కాబట్టి నేను ఎత్తుకుని ఎక్కి, నా బరువు తీసేస్తాను. అమ్మయితే ఆ గోనెసంచిలో వేసి బియ్యం అంగడిలో తూయించమంది.