ఆ బండి నీళ్లలో ఎందుకు ఆగింది?

ప్రశ్న: లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేషనల్ గ్యాలరీ చూశాం. అక్కడ జాన్ కానిస్టేబుల్ వేసిన ‘ది హే వెయిన్’ (గడ్డిబండి) బొమ్మ ముందు జనం గుమిగూడి ఉన్నారు. నాకు మాత్రం నీళ్లలో ఆగిన ఖాళీ బండి, ఒక ఇల్లు, గట్టున ఒక కుక్క కనిపించాయి. అందులో అంత గొప్పేముంది మాస్టారూ? ఆయనకి బతికుండగానే ఇంత పేరుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు బండి సంగతి. ఎండలకి చక్రం కర్ర ఎండిపోతే ఇనుప పట్టా వదులవుతుంది. కాసేపు నీళ్లలో నిలిపితే కర్ర ఉబ్బి పట్టా బిగుస్తుంది, గుర్రాల కాళ్లూ చల్లబడతాయి. బండి అందుకే ఆగిందని చాలామంది చెబుతారు. మీ వైపు ఎడ్లబండి తోలిన పెద్దవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

కానిస్టేబుల్‌కి ఇవన్నీ ఇంటి విషయాలు. 1776లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో, ఈస్ట్ బెర్గోల్ట్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. స్టౌర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్‌లో పిండిమర ఆయనదే. మీరు చూసిన బొమ్మ ఆ మర పక్కన నీళ్లదే. కుర్రతనంలో జాన్ కూడా గాలిమర దగ్గర పనిచేశాడు. అక్కడ ఆకాశం చూడటం రాకపోతే పని సాగదు. వ్యాపారం తమ్ముడు ఏబ్రమ్‌కి వెళ్లింది. మిగతావాళ్లు వేసిన మరలు తిరుగుతాయో లేదో గానీ అన్నయ్య వేసిన మర తిరుగుతుంది అనేవాడట ఆ తమ్ముడు. నా దృష్టిలో ఏ విమర్శకుడి మాటా దీనికి సాటిరాదు.

1799లో లండన్‌లో చిత్రకారుల సంస్థ అయిన రాయల్ అకాడమీ స్కూల్లో చేరాడు. 1802లో ఒక సైనిక కాలేజీలో డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం వస్తే వద్దన్నాడు. (అదే ఉద్యోగంతో ఇల్లు గడిపిన నాలాంటివాడికి ఇది చదివితే కాస్త గుచ్చుకుంటుంది.) ఆ తర్వాత చాలా ఏళ్లు డబ్బు లేదు. మరియా బిక్నెల్‌ని ప్రేమిస్తే, ఊరి చర్చి పెద్ద అయిన ఆమె తాతగారు ఒప్పుకోలేదు. 1816లో తండ్రి పోయి ఆస్తిలో వాటా వచ్చాకే పెళ్లయింది. అప్పటికి ఆయనకి నలభై.

ఈ బొమ్మ వేసింది పొలంలో కాదు, లండన్ ఇంట్లో, ఊళ్లో తెచ్చుకున్న స్కెచ్‌లు దగ్గర పెట్టుకుని. బండి కొలతలు తప్పకూడదని ఊళ్లో తెలిసిన కుర్రాడి చేత బండి గీయించి తెప్పించుకున్నాడు. పాపం ఆ కుర్రాడు ఫిబ్రవరి చలిలో కూర్చుని గీశాడు. దాదాపు ఆరడుగుల కాన్వాస్. అంత సైజు అప్పట్లో పురాణ కథలకి, యుద్ధాలకి ఇచ్చేవారు. ఈయన ఒక బండికి ఇచ్చాడు! మీరడిగిన గొప్ప అదేనమ్మా. క్యాలెండర్ల మీద వేసీ వేసీ దాన్ని ‘అందమైన పల్లె’గా మార్చేశారు కానీ, అది పని జరుగుతున్న చోటు. కుడివైపు దూరంగా గడ్డి కోస్తున్నవాళ్లు కూడా ఉన్నారు.

1821లో ప్రదర్శిస్తే లండన్‌లో కొన్నవాళ్లు లేరు. ఒక డీలర్ పారిస్ తీసుకెళ్లాడు. 1824లో అక్కడి సలోన్‌ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. ఫ్రెంచ్ చిత్రకారుడు దెలాక్రువా అంతటివాడు ఇది చూసి తన పెద్ద బొమ్మలో ప్రకృతి భాగాన్ని మళ్లీ దిద్దుకున్నాడు. కానిస్టేబుల్ మాత్రం పారిస్ వెళ్లలేదు. అసలు ఇంగ్లండ్ దాటి ఎప్పుడూ పోలేదు.

1828లో మరియా క్షయతో పోయింది. ఏడుగురు పిల్లలు. మూడు నెలలకి అకాడమీ పూర్తి సభ్యత్వం వచ్చింది, అదీ ఒక్క ఓటు తేడాతో. పంచుకునే మనిషి పోయాక వచ్చిందని బాధపడ్డాడు. 1837లో చనిపోయాడు.

మళ్లీ లండన్ వెళ్తే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చూడండి, టికెట్ లేదు. ఇదే బొమ్మకి అంతే సైజులో వేసుకున్న చిత్తుబొమ్మ అక్కడుంది. లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో వేసిన మబ్బుల బొమ్మలూ ఉన్నాయి. 1821, 22లలో అలాంటివి వేసినప్పుడు చాలావాటి వెనక తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో రాసుకున్నాడు.

ప్రశ్న: టర్నర్‌కీ కానిస్టేబుల్‌కీ పడేది కాదంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: టర్నర్ కూడా ఆ కాలపు ఇంగ్లిష్ చిత్రకారుడే. ఇద్దరికీ పోటీ ఉండేది. వయసులో తేడా ఒక్క ఏడాదే. టర్నర్ 26 ఏళ్లకే అకాడమీ సభ్యుడు, కానిస్టేబుల్‌కి 52 దాటాయి. 1832 ప్రదర్శనలో ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టారు. కానిస్టేబుల్‌ది వాటర్లూ వంతెన ప్రారంభం, ఎరుపు బాగా వాడాడు. టర్నర్‌ది బూడిదరంగు సముద్రం. ప్రదర్శనకి ముందు తుది మెరుగులు దిద్దే రోజుల్లో టర్నర్ వచ్చి, తన సముద్రంలో ఒక ఎర్రచుక్క పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పక్క బొమ్మ వెలవెలబోయింది. టర్నర్ వచ్చి తుపాకి పేల్చిపోయాడు అన్నాడట కానిస్టేబుల్. తర్వాత టర్నర్ మళ్లీ వచ్చి, ఆ చుక్కనే ఓడలకి దారి చూపేందుకు నీళ్లలో తేలే బోయాగా దిద్దాడు.